నేను ఇండోనేషియా రక్షణమంత్రిగా ఉన్న శుక్రవారం

ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో చదువుకునే మనవాళ్లు ఒక సబ్జెక్టు ఎంచుకోవాలంటే చూసేవి మూడే. తేలిగ్గా పాసవ్వాలి, క్లాసు మన పార్ట్‌టైం పని షిఫ్టుకి అడ్డం రాకూడదు, చివర్లో పరీక్ష ఉండకూడదు. అసలా సబ్జెక్టు దేని గురించి అన్నది నాలుగో సంగతి, అంతదాకా ఎవరమూ వెళ్లేవాళ్లం కాదు. ఐటీలో మాస్టర్స్ చేస్తూ, బొద్దింక కనిపిస్తే మంచమెక్కి నిలబడే నేను ఒక శుక్రవారం పొద్దుట తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఇండోనేషియా దేశానికి రక్షణమంత్రిగా పనిచేశానంటే దానికి ఆ మూడు సూత్రాలే కారణం. ఇప్పుడు తలుచుకుంటే ఆ దేశం మీద నాకు జాలేస్తుంది, నా మీద మాత్రం నవ్వొస్తుంది.

మా ఇంట్లో (ఇల్లంటే ఇల్లు కాదు, నలుగురం సర్దుకుని ఉండే రెండు గదుల యూనిట్) నిజామాబాద్ అన్న అని ఒక సీనియర్ ఉండేవాడు. యూనివర్సిటీలో ఏ లెక్చరర్ చెయ్యి ఎంత ధారాళమో ఆయనకి కంఠతా వచ్చు. "గా రీజినల్ సెక్యూరిటీ ఎలెక్టివ్ తీస్కోరా భై. ఎగ్జామ్ లేదు. ఒక దినం మొత్తం కూసోబెట్టి ఏదో యుద్ధం ఆట ఆడిస్తరట, దాని మీద పేపర్ రాయాలె, గంతే. సారు నేవీల చేసి రిటైరైండు, మస్తు మంచోడు," అన్నాడు. అది నాకు చివరి సెమిస్టరు. ఊళ్లోనే ఒక ఆఫీసువాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు, కాకపోతే ఏడాది ముగిసేలోగా డిగ్రీ చేతిలో ఉండాలన్నారు. ఈ ఒక్క సబ్జెక్టు పోయిందంటే డిగ్రీ వెనక్కి, ఉద్యోగం ఇంకొకరికి, నేను వీసా కాగితాలు పట్టుకుని మళ్లీ మొదటికి. అలాంటప్పుడు పరీక్ష లేని సబ్జెక్టుని మించిన వరం ఏముంటుంది? ముందూ వెనకా చూడకుండా చేరిపోయాను.

లెక్చరర్ని నేను మనసులో కమాండర్ గారు అనుకునేవాణ్ణి (ఆయన ఏ హోదాలో రిటైరయ్యారో ఈనాటికీ నాకు తెలీదు, అడిగే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు). బక్కపల్చని మనిషి, మోకాళ్లదాకా సాక్సు, మాట్లాడేటప్పుడు ఎదుటివాడి కళ్లలోకి తప్ప ఇంకెక్కడికీ చూడరు. అక్టోబరు నెలలో ఒకరోజు టోపీలో చీటీలు వేసి తలా ఒకటి తీయమన్నారు. ఒక్కటే నియమం, ఎవరి దేశం వాళ్లకి రాకూడదు. ఇండోనేషియాలోని సురబాయా నుంచి వచ్చిన ఒక అమ్మాయి, అక్కడి నౌకాదళంలో పనిచేసిన ఒకాయన కూతురు, నియమం విన్నాక కూడా ఇండోనేషియా తనకే వస్తే బాగుండునని ఆశపడింది. ఆమెకి పసుపు దేశం వచ్చింది. పసుపు దేశమంటే ఎక్కడా లేనిది, కమాండర్ గారు ఆట కోసం కల్పించినది, పెద్ద ఓడలు గలది, కాస్త పొగరుగలది. ఇండోనేషియా రక్షణమంత్రి చీటీ నాకొచ్చింది. నా నౌకాదళాధిపతిగా వచ్చినవాడు వారాంతాల్లో నిజంగానే సైన్యంలో పార్ట్‌టైం చేసే ఆస్ట్రేలియా కుర్రాడు. ఏ ప్రశ్న అడిగినా కాల్పుల దగ్గరే మొదలుపెట్టేవాడు కాబట్టి వాడికి బుల్లెట్ అని పేరు పెట్టుకున్నాను.

చీటీలు పంచాక కమాండర్ గారు ఒక మాట అన్నారు. ఈ కథంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. "ఆటలో ఓడిపోతే ఎవరూ ఫెయిల్ కారు. గెలిచినంత మాత్రాన పాసూ కారు. కారణం లేకుండా నిర్ణయం తీసుకున్నవాళ్లు మాత్రం తప్పకుండా ఫెయిలవుతారు." నేను చాలా గంభీరంగా తలూపి నోట్సులో రాసుకున్నాను.

ఇక చదువు. నేను నేర్చిన చదువు ఒకటే, ఇంటర్లో కెమిస్ట్రీ చదివినట్టు గదిలో అటూ ఇటూ తిరుగుతూ పైకి వల్లెవేయడం. డార్విన్‌లో ఆ నెల వాన రాదు, వస్తానని మాత్రం రోజూ చెబుతుంది. ఆ ఉక్కలో, ఫ్యాను కింద, బనీనుతో తిరుగుతూ ఇండోనేషియా రక్షణ విధానాన్ని బట్టీ పట్టాను. పదిహేడు వేల పైచిలుకు దీవులు. వాటన్నిటికీ కాపలా కాయడానికి ఓడలు ఎప్పుడూ చాలవు. సాయుధ దళాల్లో పెద్దన్న మొదట్నుంచీ నేల మీద పోరాడే సైన్యమే, నౌకాదళమూ వైమానిక దళమూ తమ్ముళ్లు, ఈమధ్యనే వాళ్లక్కూడా కొత్త బట్టలు కుట్టిస్తున్నారు. ఏ కూటమిలోనూ చేరరు, అందరితోనూ మాట్లాడతారు, ఎవరి వెనకా నిలబడరు. పెద్ద ఆపదే వస్తే సైనికుడొక్కడే కాదు, రైతూ బెస్తవాడూ అందరూ రక్షణలో భాగమే అన్నది వాళ్ల మూలసూత్రం. ఈ చివరిది ఎంత చదివినా నా బుర్రకెక్కలేదు. అన్నం వార్చుకుంటున్న నిజామాబాద్ అన్న వెనక్కి తిరక్కుండానే విప్పి చెప్పాడు. "మా ఊర్ల పెండ్లి లెక్కరా. వడ్డించేటోళ్లు తక్కువైతే చుట్టాలే బకెట్లు పడ్తరు. గంతే." తర్వాత నేను ఆ విషయం మీద ఎన్నో వ్యాసాలు చదివాను గానీ అంత తేటగా ఎవరూ చెప్పలేదు.

ఆ శుక్రవారం పొద్దున్నే అమ్మ మెసేజ్ వచ్చింది. మా అమ్మ తణుకులో లెక్కల టీచరు. లెక్కలూ, పంచాంగమూ రెండూ తప్పకూడదంటుంది. "నాన్నా, ఇవాళ శుక్రవారం. రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. ఆ టైంలో కొత్త పనేదీ మొదలెట్టకు. టిఫిన్ తినేసి వెళ్లు." నాకు వీటి మీద నమ్మకం లేదు. (నమ్మకం లేనివాళ్లు ఎలా ఉంటారో మీకు తెలియనిది కాదు. నమ్మరు, ఎందుకైనా మంచిదని పాటిస్తారు.) పైగా ఐటీ విద్యార్థిని, టైం జోన్లంటే నాకు మంచినీళ్ల ప్రాయం. మనకీ డార్విన్‌కీ నాలుగు గంటల తేడా. అంటే తణుకులో పదిన్నర డార్విన్‌లో రెండున్నర, అక్కడ పన్నెండు ఇక్కడ నాలుగు. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా జాగ్రత్తగా ఉంటే చాలనుకుని, ఇడ్లీ లేదు కాబట్టి బ్రెడ్డు తిని, యుద్ధానికి బయల్దేరాను.

ఆటకి గోడ గడియారమే యుద్ధం గడియారం. బల్ల మీద పెద్ద మ్యాపు, ఓడలకి బదులు అట్టముక్కలు. ఏ ఆజ్ఞ ఇవ్వాలన్నా చీటీ రాసి, టైం వేసి, కమాండర్ గారి చేతికివ్వాలి. పక్క గదిలో పసుపు దేశం, మధ్యలో అద్దం. మాటలు వినపడవు, మనుషులు కనపడతారు. పొద్దుటి పూటంతా నల్లేరు మీద నడకలా సాగింది. పదీముప్పావుకి ఇరుగుపొరుగు దేశాలతో మాటలు మొదలుపెట్టాను, పదకొండున్నరకల్లా కలిసి గస్తీ తిరగడానికి ఒప్పందం కుదిరింది. బుల్లెట్ కూడా మెచ్చుకోలుగా చూశాడు. నేను పుట్టుకతోనే మంత్రినేమో అని నాకే అనుమానం వచ్చింది.

రెండూ ఇరవైకి కమాండర్ గారు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టారు. పసుపు దేశం చేపల పడవలు, వెనక ఒక కాపలా ఓడ, మా సముద్రంలోకి వచ్చాయి. సాయంత్రం అయిదులోగా ఫలానా దిబ్బ దగ్గరికి చేరాయంటే మేం ఓడినట్టు. "మూడు ఓడలూ ఇప్పుడే పంపేద్దాం మేట్! ఇంకేం ఆలోచన?" అన్నాడు బుల్లెట్, చీటీ నా ముందుకి తోస్తూ. నేను గడియారం చూశాను. రెండూ ఇరవై మూడు. మూడు ఓడలకి చీటీ రాయాలంటే దారీ, వేగమూ, ఇంధనమూ అన్నీ లెక్కకట్టాలి, పది నిమిషాలైనా పడుతుంది. అంటే ఇండోనేషియా నౌకాదళాన్ని సరిగ్గా రాహుకాలంలో ప్రయాణం కట్టించాలి. నిజం చెబుతున్నాను, నేనా చీటీ ముట్టుకోలేదు. ఉద్యోగం, డిగ్రీ, వీసా అన్నీ ఆ చీటీ మీదే కూర్చుని ఉన్నట్టనిపించింది. ఇంత ముఖ్యమైన పని, అమ్మ వద్దని మరీ మరీ చెప్పిన ఘడియలోనా?

అప్పుడు నాకు ప్రస్థానం గుర్తొచ్చింది. మా ఇళ్లల్లో, ప్రయాణానికి మంచి వేళ చేజారిపోయేలా ఉంటే, మనిషి కదలకపోయినా వాడి సంచీ ఒకటి ఆ మంచి వేళలోనే పట్టుకెళ్లి పక్కింట్లో పెట్టేస్తారు. సంచీ గడప దాటింది కాబట్టి మనిషి బయల్దేరినట్టే లెక్క. ఆ పైన తీరిగ్గా ఎప్పుడు వెళ్లినా దోషం లేదు. నేను ఎంసెట్ రాసిన ఏడాది నా పరీక్ష అట్టా, రెండు పెన్నులూ ముందురోజే వెళ్లి పక్కింటివాళ్ల ఫ్రిజ్ మీద కాపురం పెట్టాయి. (ర్యాంకు సంగతి అడక్కండి, దానికి అట్ట ఏం చేస్తుంది.) గబగబా చీటీ తీసుకుని, మాకున్న వాటిల్లోకెల్లా చిన్న గస్తీ పడవని పక్కనే ఉన్న దీవి దాకా పంపమని రాశాను. టైం రెండూ ఇరవై ఎనిమిది.

"ఒక్కటేనా? అదీ పక్క దీవికా?" అన్నాడు బుల్లెట్.

"అవును."

"అక్కడేం చేస్తుంది?"

"ఉంటుంది."

"ఉండి?"

"ఉంటుంది," అన్నాను.

ఆ తర్వాతి గంటన్నర అంత పొడుగైనది నా జీవితంలో ఇంకేదీ లేదు. పావుగంటకోసారి కమాండర్ గారు తలుపు తీసి "మంత్రిగారూ, కొత్త ఆజ్ఞ ఏమైనా?" అనేవారు. "మార్పు లేదండీ," అనేవాణ్ణి. చేపల పడవల అట్టముక్కలు దిబ్బ వైపు ఒక్కో అంగుళం జరుగుతున్నాయి. బుల్లెట్ ముందు బతిమాలాడు, తర్వాత లెక్కలు చూపించాడు, ఆఖరికి మాట్లాడడం మానేసి నా వంతు బిస్కెట్లు కూడా తినేశాడు. వాడంటే నాకు జాలేసింది. అయినా అమ్మ మాట తీసేయడం కన్నా వాడి కోపం భరించడమే సులువు. అద్దం అవతల పసుపు దేశం వాళ్లు కూడా స్థిమితంగా లేరు. లేస్తున్నారు, కూర్చుంటున్నారు, మ్యాపు మీద మా బుల్లి పడవని వేలుపెట్టి చూపిస్తున్నారు. సురబాయా అమ్మాయి మాత్రం అద్దంలోంచి నన్నే చూస్తోంది.

మూడూ యాభైకి కాగితం వచ్చింది. పసుపు దేశం పడవలు వెనుదిరిగాయి. బుల్లెట్ కుర్చీలోంచి ఎగిరి నన్ను కౌగిలించుకున్నాడు. నేను వాణ్ణి విడిపించుకుని, నాలుగూ ఒకటి దాకా ఆగి, మిగిలిన రెండు ఓడలూ బయల్దేరాలని చీటీ రాశాను. "వాళ్లు వెళ్లిపోయారు మేట్, ఇప్పుడెందుకు?" అన్నాడు. సంచీ పక్కింట్లో పెట్టాక మనిషి వెళ్లకపోతే ఎలా అని వాడికి ఎలా చెప్పను? "మొదలుపెట్టిన పని పూర్తి చేయాలి," అన్నాను.

అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఎందుకు వెనక్కి వెళ్లారని పసుపు దేశాన్ని అడిగారు కమాండర్ గారు. వాళ్ల నాయకుడు తల గోక్కున్నాడు. మూడు ఓడలు దూసుకొస్తే ఏం చేయాలో ముందే రాసుకున్నారట. ఒకే ఒక్క చిన్న పడవ కాస్త దూరం వచ్చి, కాల్చకుండా, పిలవకుండా అలా కూర్చుంటే ఏం చేయాలో ఎవరికీ తోచలేదట. దాని వెనక ఏదో ఉంది, ఆ దీవుల్లో బెస్తవాళ్లంతా కాచుకుని ఉన్నారు అనుకున్నారట. కమాండర్ గారి మొహం వెలిగిపోయింది. "మంత్రిగారూ, ఆ గంటన్నర ఎందుకు ఆగారు?" అన్నారు. "వాళ్లకి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలని," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేను కూడా రెండు చప్పట్లు కొట్టినట్టు గుర్తు. "మీ పేపరు దీని మీదే రాయండి. వచ్చే శుక్రవారం పదకొండింటికి నా గదిలో మాట్లాడదాం," అన్నారాయన. లేని కారణాన్ని ఎక్కణ్ణుంచి తేవాలా అని నా బెంగ అక్కడే మొదలైంది.

కార్ పార్కులో సురబాయా అమ్మాయి వెనకనుంచి వచ్చి ఆపింది. "నిజం చెప్పు. అది మంచి వేళ సంగతే కదా?" "ఏ మంచి వేళ?" అన్నాను. "నువ్వు మ్యాపు వంక ఒక్కసారీ చూడలేదు. గడియారమే చూశావు," అంది. వాళ్ల నానమ్మ మంచిరోజు లెక్కపెట్టకుండా కొడుకుని ఇల్లు కదలనిచ్చేది కాదట. ఓడ ఆవిడ మాట వినదు కదా, అందుకని వాళ్ల నాన్న ఆవిడ చెప్పిన రోజునే సంచీ సర్దుకుని వెళ్లి, ఓడ కదిలేదాకా స్నేహితుడి ఇంట్లో పడుకునేవాడట. "మా వాళ్లందరికీ చెప్పాను, ఇది వ్యూహం కాదు, మా నానమ్మ అని. ఎవరూ వినలేదు," అంది. ఇద్దరం ఆ ఎండలో నిలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక ఆ నవ్వు ఉండలేదు.

ఆ వారమంతా పేపరు రాశాను. నిగ్రహం, నిరోధం, సందిగ్ధత అంటూ నేను ఏనాడూ వాడని మాటలన్నీ తెచ్చి పేర్చాను. నిజామాబాద్ అన్నకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. "జర నోర్మూస్కొని ఉండు. రాహుకాలం అని చెప్పినవనుకో, సబ్జెక్టు పాయె, జాబ్ గూడ పాయె," అన్నాడు. నాకూ అదే నయమనిపించింది.

శుక్రవారం పదకొండింటికి కమాండర్ గారు నా పేపరు ముందు పెట్టుకుని, కళ్లలోకి చూస్తూ, "అంతా బావుంది. రెండు సంగతులు మాత్రం ఇందులో లేవు. మొదటి చీటీ రెండూ ఇరవై ఎనిమిదికి. రెండోది నాలుగూ ఒకటికి, శత్రువు వెళ్లిపోయాక. ఆ రెండు టైములు ఎందుకు?" అన్నారు.  అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది (ఆటుపోట్లు అందామనుకున్నాను). కానీ సముద్రం మీద బతికిన మనిషికి ఆటుపోట్ల గురించి నేనేం చెబుతాను? చెప్పేశాను. అమ్మ మెసేజ్, టైం జోను లెక్క, పక్కింటి ఫ్రిజ్ మీద పరీక్ష అట్ట, అన్నీ. ఉద్యోగానికి అక్కడే నీళ్లొదులుకున్నాను.

ఆయన కిటికీ వైపు చూశారు. ఆయన ఇంకెక్కడికైనా చూడగా నేను చూడడం అదే మొదలు. "నేను మొదటిసారి ఓడెక్కినప్పుడు," అన్నారు నెమ్మదిగా, "ఒక ముసలి నావికుడు శుక్రవారం ప్రయాణమంటే మండిపడేవాడు. ఓడ మీద ఈల వేసినా ఊరుకునేవాడు కాదు. నేనిప్పటికీ వేయను." మళ్లీ నా వైపు తిరిగారు. "కారణం లేకుండా నిర్ణయం తీసుకుంటే ఫెయిల్ అన్నాను. నీకు కారణం ఉంది. తప్పుడు కారణం, అయినా కారణమే. ఇప్పుడు చెప్పిందంతా చివర ఒక పేజీ రాసి తెచ్చివ్వు. పాస్ చేస్తాను. అంతకన్నా ఒక్క మార్కు ఎక్కువ వేయను." వేయలేదు కూడా. నా నిర్ణయాన్ని ఆకాశానికెత్తుతూ పేపరు రాసిన బుల్లెట్‌కి మాత్రం డిస్టింక్షన్ వచ్చింది.

బయటికి రాగానే అమ్మకి ఫోన్ చేసి కథంతా చెప్పాను. అమ్మ నవ్వలేదు. "ఒరేయ్, లెక్కల టీచరు కొడుకువి, ఇదేం లెక్కరా? రాహుకాలం ఎక్కడి సూర్యోదయాన్ని బట్టి అక్కడే. నీకక్కడ పదిన్నరంటే పదిన్నరే. తణుకు టైముకి డార్విన్‌లో రాహువు ఎందుకొస్తాడు?" అంది. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని లెక్క వేసుకున్నాను. ఇరుగుపొరుగు దేశాలతో మాటలు మొదలుపెట్టింది పదీముప్పావుకి, ఒప్పందం కుదిరింది పదకొండున్నరకి. కమాండర్ గారి గదిలో నిజం పదకొండింటికి. నాకు కలిసొచ్చిన రెండు పనులూ నిక్కమైన రాహుకాలంలో జరిగాయి. బుల్లి పడవ పక్క దీవిలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఆ గంటన్నరా రాహువు నా ఛాయలకే రాలేదు. "సరేగానీ, టిఫిన్ తిన్నావా?" అంది అమ్మ.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఆ ఉద్యోగం వచ్చింది, నేనింకా ఆ ఆఫీసులోనే ఉన్నాను, బుల్లెట్ కూడా తర్వాత అక్కడే చేరి నాకు మూడు బల్లల అవతల కూర్చుంటున్నాడు. వాడికి నిజం చెప్పేశాను. నాకు వీటి మీద ఇప్పటికీ నమ్మకం లేదు. కాకపోతే ప్రతి శుక్రవారం పదిన్నరకి మా ఆఫీసులో మీటింగ్, అందుకని పదీ ఇరవైకే వెళ్లి నా నోటుబుక్కు మీటింగ్ గదిలో పెట్టేసి వచ్చి, తీరిగ్గా కాఫీ తాగి వెళ్తాను. మొన్న కొత్తగా వచ్చిన మేనేజరు ఖాళీ గదిలో ఆ పుస్తకం చూసి, "ఇది ఎవరిది? ఇక్కడేం చేస్తోంది?" అని అడిగిందట.

"ఉంటుంది," అన్నాడట బుల్లెట్.

ఆ మాట వాడు నాకు చెబుతుంటే కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతూ గడియారం చూశాను. పదీ ఇరవై తొమ్మిది. గంటన్నర పాటు దేశాన్ని ఆపి నిలబెట్టిన ఆ కుర్ర మంత్రిగారు ఇంకా ఎక్కడికీ పోలేదు, నాతోపాటే లేచి మీటింగుకి వచ్చాడు.